పాత జీపుకి ఆయిల్ లీకేజీ: పోస్తూ నడపాలా, ప్యాకింగ్ మార్చాలా, ఇంజన్ దించాలా?

ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు పాత మహీంద్రా జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ప్యూజో డిజైన్‌తో వచ్చిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజన్ ఉన్న ఎంఎం 540 అయినా, ఆ తర్వాతి డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బండి అయినా, వయసు మీద పడితే ఆపిన చోటల్లా నల్ల మరక పెడుతుంది. ఓనర్లు దానికి చేసేవి నాలుగు: ఆయిల్ పోస్తూ నడపడం, లీక్ ఆపే మందు డబ్బా కలపడం, కారే చోట మాత్రమే ప్యాకింగో సీలో మార్చడం, ఇంజన్ దించి మొత్తం చేయించడం.

వీటిలో ఏది ఎంచుకోవాలో కింద పడ్డ మరకను చూసి తేల్చకండి. ముందు బ్రీథర్ చూడండి. రింగులు అరిగితే పిస్టన్ పక్కల నుంచి గ్యాసు కిందికి దిగి, ఇంజన్ లోపల ప్రెషర్ పెరుగుతుంది. అది బయటికి పోవడానికి పెట్టిన దారే బ్రీథర్. మన ఎర్రమట్టి దుమ్ము, పాత ఆయిల్ కలిసి ఆ పైపులో జిగటగా పేరుకుంటే గ్యాసుకు దారి ఉండదు. అప్పుడది ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోసేస్తుంది. కొత్త సీల్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ కారిందంటే చాలాసార్లు కారణం ఇదే, పాపం తిట్లు మాత్రం మెకానిక్‌కి. పైపు విప్పి డీజిల్‌తో కడగడానికి ఖర్చేమీ కాదు. తర్వాత ఇంజన్ వేడెక్కాక, యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో పెట్టి ఆయిల్ పోసే మూత తీయండి. సన్నగా ఆవిరి వస్తే పర్లేదు. బుస్సుబుస్సుమని పొగ తన్నుతుంటే రోగం సీళ్లది కాదు, బోరుది, అంటే పిస్టన్ ఆడే సిలిండర్‌ది, దాని రింగులది.

బోరు బాగుంటే నా ఓటు మూడో దారికే. ఆయిల్ పై నుంచి కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైన లీకు కింద గేర్‌బాక్సు దగ్గర చుక్కలుగా కనిపిస్తే, "వెనక సీల్ పోయింది, ఇంజన్ దించుదాం అన్నా" అనే మాట వస్తుంది. ఒప్పుకునే ముందు ఇంజన్‌ని వాటర్ సర్వీసింగ్ చేయించి, ఆరాక పైనంతా టాల్కం పౌడర్ చల్లి కాసేపు తిప్పండి. తడి చార ఎక్కడ మొదలైందో కనబడుతుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ రబ్బరు, డ్రెయిన్ బోల్టు వాషర్ చూసుకోండి. ఇవన్నీ చిల్లర ఖర్చులు. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్న బండ్లలో దానికి వెళ్లే ఆయిల్ పైపును మర్చిపోకండి. అక్కడ కారితే ఆల్టర్నేటర్ కూడా పాడవుతుంది.

ఇందులో మెలకువలు రెండున్నాయి. కార్క్ ప్యాకింగ్‌ని గట్టిగా బిగిస్తే ఆగదు, చీలుతుంది. సిలికాన్ పేస్టు దండిగా పూసినా చిక్కే: లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు. ఇంజన్ ముందువైపు క్రాంక్ పుల్లీ దగ్గర సీల్ మారుస్తుంటే పుల్లీ మీద గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీల్ ఎక్కువ కాలం ఆగదు. పుల్లీకి స్లీవ్ వేయించాలి, లేదా సీల్‌ను కొద్దిగా జరిపి కూర్చోబెట్టాలి.

మందు డబ్బా గట్టిపడ్డ రబ్బరు సీళ్లను కొంచెం ఉబ్బించి మెత్తబరుస్తుంది. సీల్ దగ్గర చెమర్చే బండికి కొన్నాళ్లు పనిచేయొచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కి, గాడి పడ్డ పుల్లీకి దానివల్ల ఒరిగేది లేదు. బండి అమ్మే ముందు పోసేవాళ్లూ ఉన్నారు, కొనేవాళ్లు గమనించండి.

పోస్తూ నడపడాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. నెలకోసారి పొలానికో, తాడ్వాయి దాకానో వెళ్లే బండికి, చుక్కా రెండు చుక్కలైతే, తీసిన ప్రతిసారీ ఆయిల్ గేజి పుల్ల చూసుకోవడమే చవక. కానీ ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడుతుంటే ఒక్క రోజు కూడా ఊరుకోవద్దు. అది మంటల వ్యవహారం. క్లచ్ జారుతోందంటే ప్లేటుకు ఆయిల్ అంటిందేమో చూడాలి.

ఇక ఇంజన్ దించడం. అన్నిటికన్నా ఖర్చు, బండి షెడ్డులో రోజుల తరబడి పడుంటుంది. కేవలం వెనక సీల్ కోసమైతే తొందర పడొద్దు, ముందు ఆ కారేది గేర్ ఆయిలా ఇంజన్ ఆయిలా చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. ఇంజన్ ఆయిలే అయినా కారుడు తక్కువైతే క్లచ్ ప్లేటు మార్చే దాకా ఆగండి. అప్పుడు గేర్‌బాక్సు ఎలాగూ విప్పుతారు, చాలా బండ్లకు సీల్ పని అందులోనే కలిసిపోతుంది, కూలి ఒకసారే. మూత తీస్తే పొగ తన్నే బండి సంగతి వేరు. దానికి సీళ్ల మీద పైసా పెట్టకుండా కంప్రెషన్ చెక్ చేయించి, బోరు, రింగుల పనికి డబ్బు కూడేసుకోండి. మొత్తం సీళ్ల సెట్టు ఆ పనితో పాటే వేయించండి. మేడారం జాతరకు ట్రిప్పులు కొట్టే బండైతే పని ముందే పెట్టుకోవాలి, జాతర దగ్గరపడితే షెడ్డులో చోటు దొరకదు.