అన్నం ఒక్కసారే వడ్డించుకుంటే: 27 నెలల తర్వాత

2023 ఆగస్టులో నా బరువు 82 కిలోలు. మొన్న ఆదివారం పొద్దున చూసుకుంటే 69.5. సగటున నెలకు అరకిలో కూడా కాదు. అయినా రాస్తున్నానంటే కారణం ఉంది. అంతకుముందు ఒక స్లిమ్మింగ్ సెంటర్‌లో డబ్బు కట్టి, 28 రోజులు పొడి కలుపుకుని తాగి ఆరు కిలోలు తగ్గాను. ఏడాది తిరక్కుండా ఎనిమిది పెరిగాను, జుట్టు కుచ్చులుగా ఊడింది. ఈసారి పోయిన బరువు మళ్లీ రాలేదు.

మొదలుపెట్టింది భయంతోనే. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. 6.5 అయితే షుగర్ వచ్చినట్టే అన్నారు డాక్టరమ్మ.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన మార్పు అన్నం దగ్గర జరిగింది. మన భోజనం తీరు చూడండి. పచ్చడితో రెండు ముద్దలు, పప్పుతో కొంచెం, కూరతో కొంచెం, చారుతో ఇంకొంచెం, చివర పెరుగుతో. ప్రతిసారీ పడేది కొంచెమే కాబట్టి ఎక్కువ తింటున్నామని తోచదు. ఒకరోజు నేను తినబోయేదంతా ముందే గిన్నెలోకి తీసి కొలిచాను. నాలుగు కప్పులు దాటింది, అదీ ఒక్క పూటకే!

అప్పటి నుంచి రెండు కప్పులు ఒకేసారి పెట్టుకుని, అన్నం గిన్నె వంటింట్లోనే వదిలి వస్తున్నాను. కూర, పప్పు మాత్రం ముందుకంటే బాగా ఎక్కువ. పెరుగన్నం మానేసి మజ్జిగ తాగుదామనుకున్నాను గానీ, మూడు వారాలు ఎంత తిన్నా భోజనం అయినట్టే అనిపించలేదు. తర్వాత ఆ రెండు కప్పుల్లోంచే పెరుగు కోసం రెండు ముద్దలు మొదటే పక్కకు జరపడం అలవాటు చేసుకున్నాను. ఆ వెలితి పోయింది. ఈ ఒక్క సర్దుబాటు లేకపోతే నేను రెండో నెలలోనే వదిలేసేదాన్ని.

"గింతే పెట్టుకున్నవేందే? నీరసం రాదా?" అని అత్తమ్మ రోజూ బాధపడేది. కోడలు తినకపోతే ఇంట్లో ఏదో తక్కువైందని ఆమెకు అనిపిస్తుంది. నేను రిపోర్టు చూపించి వివరంగా చెప్పాక, రాత్రిపూట జొన్న రొట్టె తనే మొదలుపెట్టింది. రెండు రొట్టెలు, గిన్నెడు తోటకూర పప్పు. ఎనిమిదిలోపు తినేస్తాం.

మేముండేది తార్నాకలో. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో మనిషికి రోజుకు నూనె 27 గ్రాములని చూసి లెక్క వేశాను. మా నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. మేం వాడుతున్నది ఆరు! తాలింపుకు డబ్బా వంచడం మానేసి చెంచాతో వేస్తున్నాం. వేపుళ్లు వారానికి ఒకసారే. వారానికి అరకిలో తగ్గితే క్షేమమని, రోజుకు వెయ్యి కేలరీల కంటే తక్కువ తినకూడదని కూడా అందులోనే ఉంది. పొడి తాగిన రోజుల్లో అది తెలిసి ఉంటే బాగుండేది.

ఆఫీసులో రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు ఉండేవి. ఇప్పుడు రెండుసార్లు, అదీ స్నేహితురాలితో వన్ బై టూ. బిర్యానీ మానలేదు. నెలకోసారి ముగ్గురం పంచుకుంటాం, ముందు కీర, ఉల్లిపాయలు తిని.

కష్టమైంది 2024 నవంబరు నుంచి 2025 మార్చి దాకా. ముల్లు 74 దగ్గరే ఆగిపోయింది. చాలా ఏడ్చాను. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన తిండి కూడా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పారు. దానికి తోడు పెళ్లిళ్లు, సంక్రాంతి సకినాలు, తర్వాత హలీం. నా కప్పు కూడా తెలియకుండానే గోపురం కట్టడం మొదలైంది. మళ్లీ అంచుకు సమం చేశాను. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వైపు నలభై నిమిషాల నడక కలిపాను. ఏప్రిల్ చివర్లో ముల్లు కదిలింది. బరువు రోజూ చూసుకోవద్దు. ఉప్పు, నీళ్ల తేడాకే కిలో అటూ ఇటూ అవుతుంది. నేను వారానికి ఒక్కసారే, పరగడుపున చూస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆకుకూర ఏరి కడగడానికి రోజూ అరగంట పోతుంది. వానాకాలంలో కూరగాయల ఖర్చు పెరుగుతుంది. ఆరు నెలల దాకా ఎవరూ గుర్తించరు, అది మనసుకు కష్టంగా ఉంటుంది. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా అన్నం తగ్గించకండి. షుగర్ బాగా పడిపోవచ్చు.

హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.6. నడుము 101 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది. ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు, కాబట్టి ఇంకా తొమ్మిది ఉంది. ఈ మధ్య అత్తమ్మ కూడా తన అన్నానికి ఓ చిన్న కప్పు వేరుగా పెట్టుకుంది.