భూమి పొరల నమూనా కిట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మా అమ్మాయిని బడిలో భూమి పొరల నమూనా చేసి తెమ్మన్నారు. గడువు దగ్గరపడిందని ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ కిట్ తెప్పించాను. థర్మాకోల్ అర్ధగోళం, రంగు సీసాలు, కుంచె, పొరల పేర్లున్న స్టిక్కర్లు వచ్చాయి. పెట్టె మీది బొమ్మ చూసి నమ్మాను. మీరు నమ్మకండి.

ఎర్ర రంగు పూసిన కాసేపటికే థర్మాకోల్ మీద సూది గుచ్చినట్టు గుంటలు పడ్డాయి. చూస్తుండగానే అవన్నీ కలిసిపోయి, నడిమి భాగం చెదలు తిన్న కర్రలా కుంగిపోయింది. కుంచె ఎత్తితే జిగురు తీగలు సాగాయి, గదంతా ఘాటు వాసన. అది నీటి రంగు కాదు, థిన్నర్ కలిసిన రంగు. థిన్నర్, అసిటోన్ వంటివి థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. చాలా రకాల స్ప్రే రంగులతోనూ ఇదే ప్రమాదం. పిల్లల చేతికిచ్చే పెట్టెలో థర్మాకోల్‌నూ ఇలాంటి రంగునూ కలిపి పెట్టడం క్షమించరాని నిర్లక్ష్యం. నీటిలో కలిసే పోస్టర్ రంగులో, అక్రిలిక్ రంగులో అయితే ఇబ్బంది లేదు. ఏదైనా సరే, ముందు ఒక చిన్న ముక్క మీద పూసి చూడండి.

రంగు పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. నాకు అంతకంటే కోపం తెప్పించినవి ఆ స్టిక్కర్లు. భూమి నడిబొడ్డున ఉండే అంతర కేంద్రమండలం ద్రవమట, దాని చుట్టూ ఉండే బాహ్య కేంద్రమండలం ఘనమట! నిజం దీనికి సరిగ్గా తలకిందులు. భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలనే ఒక రకం కంపనాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి బాహ్య కేంద్రమండలాన్ని దాటి రాకపోవడం వల్లనే అది ద్రవమని తేలింది. దాని లోపల మరో కేంద్రం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ భూకంప తరంగాలను పరిశీలించే కనిపెట్టారు. ఇక కేంద్రమండలం చుట్టూ ఉండే మందపాటి పొర, భూప్రావారం మీద అంటించమన్న స్టిక్కర్‌పై 'కరిగిన లావా' అని ఉంది. అది దాదాపు అంతా ఘన శిలే. కాకపోతే లక్షల ఏళ్లలో అతి నెమ్మదిగా కదులుతుంది. ఇది బడిలో పెట్టి ఉంటే పిల్ల తప్పే నేర్చుకునేది, చూసినవాళ్లకూ తప్పే నేర్పేది.

కొలతలూ అంతే, నాలుగు పొరలూ ఒకే మందంలో గీసి ఉన్నాయి. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. దాన్ని 10 సెంటీమీటర్లకు కుదిస్తే అంతర కేంద్రమండలం 1.9, బాహ్య కేంద్రమండలం 3.5, భూప్రావారం 4.5 సెంటీమీటర్లు వస్తాయి. ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లుండే భూపటలం, అంటే భూమి పైపెంకు, అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. లెక్క వేసి చూపిస్తే మా అమ్మాయి, "అయితే నాన్నా, పైన ఒక మందపాటి పూత వేస్తే చాలు కదా!" అంది. చివరికి బంకమన్నుతో అలాగే చేశాం.

విప్పిన పెట్టెను వెనక్కి తీసుకోబోమని అమ్మినవారు తేల్చేశారు. మీకూ ఇలాంటి కిట్ వచ్చి ఉంటే, స్టిక్కర్లు పైనుంచే చదివి, పెట్టె విప్పకుండానే తిప్పి పంపండి.