జిప్సీకి స్టీరింగ్ డ్యాంపర్: ఇంట్లో మార్చి, ఏళ్లుగా వాడాక నా మాట

మా ఒడిశా జయపురంలో మారుతి జిప్సీ ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే కబుర్లు ఎక్కడ మొదలైనా స్టీరింగ్ ఊగుడు దగ్గరికే వస్తాయి. బండి 60, 70 మీద పోతూంటుంది. రోడ్డు మీద చిన్న గతుకు తగులుతుంది, లేదా వంతెన అతుకు దాటుతాం. అంతే, స్టీరింగ్ ఎడమా కుడీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. డ్యాష్‌బోర్డు, అద్దాలు, సీట్లు అన్నీ దడదడలాడతాయి. వేగం బాగా తగ్గించేదాకా ఆగదు. దానికి అందరూ చెప్పే మందు ఒకటే: చక్రాల నుంచి స్టీరింగ్‌కి వచ్చే దెబ్బల్ని మెత్తబరిచే డ్యాంపర్ మార్చెయ్.

నేను మార్చాను, మా పెరట్లోనే. తర్వాత అదే డ్యాంపర్‌తో కొన్నేళ్లుగా ఘాటీలు (కొండ దారులు) ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. ఇన్నాళ్లకు నాకు తేలింది చెప్తాను. అరిగిపోయిన డ్యాంపర్‌ని మార్చడం మంచి పనే, ఇంట్లో చేసుకోగలిగిన పనే. గతుకుల రోడ్డు మీద చేతులకి దొరికే సుఖం మామూలుది కాదు. కానీ ఊగుడు పుట్టేది డ్యాంపర్‌లో కాదు. అసలు లోపాన్ని అలాగే ఉంచి కొత్త డ్యాంపర్ బిగిస్తే కొంతకాలం రోగం కనపడదు, అంతే. ఆ కొంతకాలంలో లోపల అరగాల్సినవన్నీ అరుగుతూనే ఉంటాయి. అందుకే ఈ భాగం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది ఏ బళ్లకి వర్తిస్తుందో ముందు చెప్పాలి. ఆల్టో, స్విఫ్ట్ లాంటి కార్లలో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది, ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా కదులుతాయి. వాటిలో ఈ డ్యాంపర్ వెతికినా కనపడదు. ఆ కార్లలో స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బాలెన్సింగ్ చూపించుకోవాలి. జిప్సీలో ముందు యాక్సిల్ అడ్డంగా ఒకే గట్టి గొట్టం. రెండు చక్రాలనీ టై రాడ్ కలుపుతుంది. ఒక చక్రానికి దెబ్బ తగిలితే రెండోదీ తిరగాల్సిందే. ఆ రెండూ కలిసి, చక్రాలు పక్కలకి తిరిగే ఇరుసులైన కింగ్ పిన్నుల మీద అటూ ఇటూ కొట్టుకోవడమే మనం చూసే ఊగుడు. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతి జిమ్నీకి, జిప్సీలో ఉన్న కమాన్ల (పట్టీల స్ప్రింగుల) బదులు కాయిల్ స్ప్రింగులున్నా, ముందు యాక్సిల్ గట్టిదే. దానికీ డ్యాంపర్ ఉంది.

డ్యాంపర్ చూడ్డానికి సన్నటి షాక్ అబ్జార్బర్‌లా ఉంటుంది. ముందు బంపర్ వెనక వంగి చూస్తే స్టీరింగ్ రాడ్ వెంబడి పడుకుని కనిపిస్తుంది. ఒక చివర చాసిస్‌కి (బండి అడుగు చట్రానికి), ఇంకో చివర రాడ్‌కి బిగించి ఉంటాయి. లోపల నూనె, ఆ నూనెలో చిన్న కన్నాలున్న పిస్టన్. మనం నెమ్మదిగా తిప్పితే నూనె ఆ కన్నాల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, చేతికి బరువు తెలియదు. గతుకులో చక్రం ఒక్కసారిగా తన్నితే నూనె అంత వేగంగా పోలేక ఎదురు నిలుస్తుంది. దెబ్బ ఎంత వేగంగా వస్తే అంత గట్టిగా ఆపుతుంది. జిప్సీకి పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి ఇది సరిగా లేకపోతే ఆ తన్నులన్నీ నేరుగా మన బొటనవేళ్లకే.

మావైపు రోడ్ల సంగతి తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి ఘాటీలో మలుపు మలుపుకీ స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి. లోడు లారీలు ఎదురొస్తాయి. వానలైపోయాక తారు లేచిపోయిన చోట కంకర తేలుతుంది. రాయగడ వైపు వెళ్లే 326 మీదా వంపులే. ఇక ఊళ్లలోకి దిగే ఎర్రమట్టి దారులు వేరే లెక్క. డ్యాంపర్ ఎక్కువగా పాడయ్యేది ఆ మట్టి వల్లేనని నా నమ్మకం. డ్యాంపర్‌లోంచి బయటికి వచ్చే పిస్టన్ కడ్డీ మీద బురద పట్టి ఎండుతుంది. తర్వాత స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ ఎండిన మట్టి, నూనె బయటికి రాకుండా ఆపే సీలుని గీకుతుంది. సీలు పోతే నూనె కారుతుంది. నూనె పోయాక మిగిలేది ఖాళీ గొట్టమే.

నా పాతదాన్ని విప్పి పెరట్లో గట్టు మీద పెట్టినప్పుడు సంగతి కళ్లారా చూశాను. కడ్డీ మీద ఒక పక్క మాత్రమే సన్నటి గీతలు, వేలితో రాస్తే గోరుకి తగిలేంత లోతు. సీలు చుట్టూ నూనె, మట్టి కలిసి నల్లటి ముద్దలా గట్టిపడి ఉంది. బండిలో ఎలా పడుకుని ఉంటుందో అలాగే అడ్డంగా పట్టుకుని లాగి చూశాను. మొదట కొంత మేర ఏ పట్టూ లేకుండా జారిపోయింది, తర్వాత పట్టింది, చివర్లో మళ్లీ వదిలేసింది. మంచిదైతే ఈ చివర్నుంచి ఆ చివరదాకా, లాగినా తోసినా ఒకేలా, బరువుగా కదలాలి. సీలు దగ్గర కాస్త తడి ఉంటే కంగారు పడొద్దు. కిందికి చుక్కలు కారుతుంటే, లేదా లాగినప్పుడు మధ్యలో ఖాళీ తగిలితే మార్చాల్సిందే.

కొత్తది కొనడానికి సాలూరు వెళ్లాను. అక్కడ లారీల పనులు చేసిచేసి తల నెరిసిన ఒక మేస్త్రీ అన్నమాట నాకు ఈ విషయంలో దారి చూపించింది. "డేంపరు తీసేసి కాస్త నెమ్మదిగా నడిపి సూడండి బాబూ. అప్పుడు ఊగిందనుకోండి, రోగం ఇంకెక్కడో ఉన్నాదన్నమాట. అది సూసుకున్నాకే కొత్తది బిగించండి" అన్నాడు. నూటికి నూరు పాళ్లూ నిజం. అన్నీ సరిగా ఉన్న బండి డ్యాంపర్ లేకపోయినా ఊగకూడదు. గతుకుల్లో చేతికి దెబ్బలు తెలుస్తాయి గానీ ఆగకుండా కొట్టుకోదు. చూసేవాళ్లు ఖాళీగా ఉన్న రోడ్డు మీద, తక్కువ వేగంలోనే చూడండి, ఘాటీలో మాత్రం వద్దు.

నా బండి ఊగింది. కాబట్టి మిగతావి వెతికాను. వీటికి ఇద్దరు మనుషులు కావాలి. మా బావమరిది లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూంటే నేను కింద పడుకుని ఒక్కో జాయింటు మీదా చెయ్యి పెట్టి చూశాను. "బావా, ఇంకా తిప్పనా?" అని అడుగుతూనే ఉన్నాడు పాపం. టై రాడ్ ఎండ్ (రాడ్ చివరి జాయింటు) లూజైతే కంటికి కనపడక ముందే వేలికి తెలుస్తుంది. రాడ్ ముందు కదిలి, దాని వెనక ఒక క్షణం ఆలస్యంగా చక్రం వైపు భాగం కదులుతుంది. నాకు ఒక ఎండ్ అలా దొరికింది.

తర్వాత కింగ్ పిన్. జాకీ పెట్టి ముందు చక్రం లేపి, కింద స్టాండు పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాలి. లూజు కనపడితే అది వీల్ బేరింగుదా, కింగ్ పిన్నుదా అన్న సందేహం వస్తుంది. అప్పుడు లోపలున్న మనిషిని బ్రేకు తొక్కి పట్టమనండి. లూజు పోతే వీల్ బేరింగు. బ్రేకు తొక్కినా ఇంకా ఊగుతుంటే కింగ్ పిన్ బేరింగు. నాది రెండోదే. కింగ్ పిన్ బేరింగులు మార్చి, షిమ్ములతో (పల్చటి రేకులతో) బిగువు సరిచెయ్యడం కొంచెం నేర్పున్న పని. హబ్బు విప్పాలి, గ్రీజు చుట్టూ చింది నానా కంగాళీ అవుతుంది. అది నేను మేస్త్రీ చేతే చేయించాను, మీకూ అదే చెప్తాను. చక్రాల బాలెన్సింగ్, ఎలైన్‌మెంటు కూడా అప్పుడే అయిపోయాయి. ఊగుడు పోయింది ఇక్కడే, కొత్త డ్యాంపర్ ఇంకా డబ్బాలోనే ఉండగా.

ఇప్పుడు కొనుగోలు సంగతి. ఒక దుకాణంలో ముందు నాకు గ్యాస్ నింపిన డ్యాంపర్ అంటగట్టారు. మెరుపు పెయింటు, "ఆఫ్ రోడ్ స్పెషల్" అన్న మాట, ధర కూడా ఎక్కువే. పెట్టి చూస్తే బండి రోడ్డు మీద ఒక పక్కకి లాగడం మొదలుపెట్టింది. కారణం అందులోనే ఉంది. లోపల గ్యాస్ ఒత్తిడి ఎప్పుడూ కడ్డీని బయటికి తోస్తూంటుంది. షాక్ అబ్జార్బర్‌లో అది పెద్ద లెక్క కాదు, బండి బరువు ముందు నిలవదు. స్టీరింగ్ రాడ్‌కి కట్టినప్పుడు మాత్రం ఆ తోపుడు నేరుగా చక్రాల మీదే పడుతుంది. పవర్ స్టీరింగ్ ఉన్న బరువైన బండికి అంతగా తెలియకపోవచ్చు. జిప్సీ తేలిక బండి, చేతి స్టీరింగ్, ఇట్టే తెలిసిపోతుంది. తిరిగిచ్చేసి, మామూలు నూనె డ్యాంపర్ తెచ్చుకున్నాను. ధర ఒక టైరు ధరలో చిన్న వంతు. ఇన్నేళ్లుగా నడుస్తున్నది అదే.

పొడవు సరిపోయింది కదా అని ఏదో బండి షాక్ అబ్జార్బర్ పెట్టేవాళ్లనీ చూశాను. దయచేసి వద్దు. షాక్ అబ్జార్బర్ సాధారణంగా తెరుచుకునేటప్పుడు ఎక్కువ, మూసుకునేటప్పుడు తక్కువ పట్టు ఇస్తుంది. దాన్ని ఇక్కడ కడితే ఒక వైపు తిప్పడం తేలిక, ఇంకో వైపు బరువు. పైగా మామూలు నూనె షాకుల్ని అడ్డంగా పడుకోబెడితే నూనెలోకి గాలి చేరుతుంది. స్టీరింగ్ డ్యాంపర్‌ని పడుకుని పనిచెయ్యడానికే తయారుచేస్తారు.

బిగించడం తేలిక. జిప్సీ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి దీనికి జాకీ కూడా అక్కర్లేదు. చదునైన నేల మీద బండి నిలిపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. ముందు రోజు రాత్రే నట్ల మీద నూనె స్ప్రే కొట్టి వదిలేస్తే పొద్దున్నకి సగం శ్రమ తప్పుతుంది. మావైపు వానలకి ఈ నట్లు ఎర్రగా తుప్పు పట్టి మొరాయిస్తాయి. ఇనుప బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, రింగు పానాయే వాడండి. మామూలు పానా జారితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఉలే గతి. పాతది తీసేటప్పుడు వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఒక ఫొటో తీసుకోండి.

కొత్తదాన్ని బిగించే ముందు చేత్తో నాలుగైదు సార్లు పూర్తిగా లాగి తోసి చూడండి. షాపులో నిలబెట్టి ఉంచితే మొదట్లో కాస్త ఖాళీ తగులుతుంది, కదిపితే పోతుంది. నట్లు ముందు వేలితో ఎక్కించి, స్టీరింగ్ తిన్నగా ఉండగానే చివరి బిగువు ఇవ్వాలి. స్టీరింగ్ ఒక పక్కకి తిరిగి ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడి ఉండిపోతాయి, తొందరగా చిట్లుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బిగించాక లోపల ఒకర్ని కూర్చోబెట్టి స్టీరింగ్‌ని కుడికి చివరిదాకా, ఎడమకి చివరిదాకా తిప్పించండి. రెండు చివర్లలోనూ డ్యాంపర్ కడ్డీ ఇంకా కొంత మిగిలి ఉండాలి. స్టీరింగ్ ఆగాల్సింది యాక్సిల్ మీదున్న స్టాపర్ బోల్టు దగ్గర. డ్యాంపర్ ముందే కొట్టుకుని ఆగిపోతే ఆ రోజు నుంచే అది చస్తుంది, పైగా ఘాటీ మలుపులో బండి పూర్తిగా తిరగదు. పొడవు తేడా ఉన్న సరుకు పెట్టినవాళ్లకి ఇదే ఎదురవుతుంది. అలాగే బ్రేకు పైపుకి ఎక్కడా రాసుకోకుండా చూసుకోండి. డ్యాంపర్ మార్చినందువల్ల ఎలైన్‌మెంటు మారదు కాబట్టి, దీని కోసమే మళ్లీ షాపుకి వెళ్లక్కర్లేదు.

వాడకంలో తేడా ఎలా ఉందంటే, తారు రోడ్డు మీద పెద్దగా తెలియదు. ఊరి దారిలో ఎద్దుబండి చక్రాల గాడిలో పడి లేచినప్పుడు తెలుస్తుంది. ఇదివరకు స్టీరింగ్ చువ్వ బొటనవేలిని కొట్టేది. ఇప్పుడు చక్రం తన్నినా చేతికి ఒక మెత్తటి తోపులా అందుతుంది. దేవమాలి కొండ మీదికి వెళ్లి వచ్చిన రోజు కూడా భుజాలు లాగలేదు. కొత్తలో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడం కాస్త నెమ్మదించింది, కొన్నాళ్లకి సర్దుకుంది. నూనె కారడం ఇప్పటిదాకా లేదు. దానికి నా అలవాటు కొంత కారణమనుకుంటాను. బురదలో తిరిగొచ్చిన సాయంత్రమే మట్టి ఎండకముందు కడ్డీ మీద నీళ్లు పోసి గుడ్డతో తుడిచేస్తాను. ప్రెషర్ వాషర్ మాత్రం సీలుకి గురిపెట్టి కొట్టనివ్వను.

పెద్ద టైర్లు వేసి, కమాన్లు మార్చి బండి ఎత్తు పెంచినవాళ్లు రెండు డ్యాంపర్లు వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. టైరు బరువు పెరిగితే తన్ను పెరుగుతుంది, ఎత్తు పెంచినప్పుడు యాక్సిల్ కోణం మారితే ఊగుడు ఇంకా తేలిగ్గా పుడుతుంది. ఆ కోణం సరిచేయించుకోవడమే దారి. చేతి స్టీరింగ్‌కి రెండు డ్యాంపర్లు పెడితే మలుపు తర్వాత చక్రాలు తొందరగా తిన్నగా రావు, సుంకి ఘాటీలో అది ప్రమాదం. నా బండికి ఉన్నది ఒకటే. ఆ డ్యాంపర్ బాడీ గట్టిగా ఉంది గానీ చాసిస్ వైపు బుష్షు అంచు చిట్లింది, ఈ వానలు తగ్గగానే ఆ రబ్బర్లు మాత్రం మార్చుకోవాలి.