గోడో ఎడిటర్‌లో మెసేజ్ సర్వర్ ప్లగిన్: చాలాకాలం వాడాక

2023 మార్చిలో గోడో 4 వచ్చింది (గోడో అంటే ఆటలు తయారుచేసే ఇంజిన్). ఆ తర్వాత కొద్దికాలానికే రాసుకున్న చిన్న సర్వర్ ప్లగిన్ ఇప్పటికీ నా ఎడిటర్‌లో నడుస్తోంది. బయట పైథాన్ స్క్రిప్టు లెవల్ డేటా మార్చగానే దీనికి కబురు పెడుతుంది, ఇది సీన్‌ని తాజా చేస్తుంది. పని అంతే. ఆటకీ ఎడిటర్‌కీ మధ్య మాటలే కావాలంటే ఇంత తిప్పలు అక్కర్లేదు, ఎడిటర్‌డీబగ్గర్‌ప్లగిన్ క్లాస్ చాలు. బయటి ప్రోగ్రాం మధ్యలోకి వస్తేనే సర్వర్.

రాయడం తేలికే. ఎంటర్ ట్రీలో (ప్లగిన్ మొదలైనప్పుడు నడిచే ఫంక్షన్) టీసీపీసర్వర్‌ని, అంటే నెట్‌వర్క్ కనెక్షన్లు అందుకునే క్లాస్‌ని, లిజన్‌కి పెట్టడం, ప్రాసెస్‌లో (ప్రతి ఫ్రేమ్‌కీ నడిచేది) కొత్త కనెక్షన్ వచ్చిందేమో చూడటం, ఎగ్జిట్ ట్రీలో (ప్లగిన్ ఆగేటప్పుడు) ఆపేయడం. థ్రెడ్ల జోలికి పోనక్కర్లేదు. గోడో 3 కోడ్ తెచ్చి అతికించేవాళ్లు ఒకటి చూసుకోవాలి: 4లో ప్రతి కనెక్షన్ మీదా పోల్ (కనెక్షన్ స్థితిని తాజా చేసే ఫంక్షన్) మనమే పిలవాలి. లేదంటే అవతలివాడు వెళ్లిపోయినా ఇంకా ఉన్నట్టే చూపిస్తుంది.

అసలు తలనొప్పి మెసేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడం. టీసీపీకి ఆ లెక్కే లేదు, అది కుళాయి నీళ్ల లాంటిది. రెండు మెసేజ్‌లు అతుక్కుని రావచ్చు, ఒకటే రెండు ముక్కలై రావచ్చు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకు మరో 3. ఆ మధ్యలో తెగితే ప్యానెల్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. గోడోలోని ప్యాకెట్‌పీర్‌స్ట్రీమ్ క్లాస్ వాడితే ఈ బాధ పోతుంది, ప్రతి మెసేజ్ ముందూ 4 బైట్లలో దాని పొడవు పెడుతుంది. అయితే ఆ బైట్లు లిటిల్ ఎండియన్, అంటే చిన్న విలువ బైటు ముందు వస్తుంది; బిగ్ ఎండియన్‌లో పెద్దది ముందు. పైథాన్ వైపు నెట్‌వర్క్ అలవాటు ప్రకారం బిగ్ ఎండియన్‌లో 20 అని రాస్తే, గోడో దాన్ని 33,55,44,320గా చదువుకుని అన్ని బైట్ల కోసం నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఇన్‌పుట్ బఫర్ మామూలుగా 65,532 బైట్లే కాబట్టి పెద్ద మెసేజ్‌లు పంపేవాళ్లు దాన్ని ముందే పెంచుకోవాలి.

పోర్టు (కనెక్షన్ ఏ ప్రోగ్రాంకి వెళ్లాలో చెప్పే నంబర్) విషయంలో 6005, 6006, 6007 వద్దు. గోడో సొంత లాంగ్వేజ్ సర్వర్, డీబగ్ అడాప్టర్, రిమోట్ డీబగ్గర్ వాటిమీద ఉంటాయి. ఏదో ఒక నంబర్ ఖాయం చేసినా రెండు ప్రాజెక్టులు ఒకేసారి తెరిస్తే రెండోదానికి పోర్టు దొరకదు. నేను సున్నా ఇస్తాను. ఖాళీగా ఉన్న పోర్టేదో సిస్టమే ఇస్తుంది, దాన్ని ఒక ఫైల్లో రాస్తే పైథాన్ చదువుకుంటుంది. అడ్రస్ మాత్రం 127.0.0.1 (అంటే ఈ కంప్యూటరే) అని తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరికీ తలుపు తెరిచినట్టే. వచ్చిన డేటాని గోడో విలువగా చదివే గెట్ వార్ ఫంక్షన్‌లో ఆబ్జెక్టులకు అనుమతి ఇస్తే ఇంకా ప్రమాదం, అవతలివాడు పంపిన కోడ్ మన ఎడిటర్‌లో నడవొచ్చు. నాకు జేసన్ (డేటాని మామూలు టెక్స్ట్‌గా రాసే పద్ధతి) సరిపోయింది.

ఇన్నాళ్లు వాడినా నచ్చనిది ఒకటుంది. ఎడిటర్ విండో వెనక్కి పోగానే కరెంటు ఆదా కోసం ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 1,00,000 మైక్రోసెకన్లు ఆగుతుంది. అంటే ప్రాసెస్ సెకనుకు 10 సార్లకు మించి నడవదు. టెర్మినల్‌లో స్క్రిప్టు నడిపేటప్పుడు ఎడిటర్ ఎలాగూ వెనకే ఉంటుంది కదా! నో డిలే (డేటాని ఆపకుండా వెంటనే పంపమనే టీసీపీ సెట్టింగ్) ఆన్ చేసినా ఇక్కడ లాభం లేదు. ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఆ అంకె తగ్గించుకోవచ్చు గానీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదుంటే నేను అలాగే వదిలేస్తున్నాను.