విశాఖ రాళ్ల గుంటలు పిల్లలకు చూపించాలంటే: ముందు తిథి, తర్వాత చోటు

విశాఖ తీరంలో రాళ్ల మధ్య నిలిచే నీటి గుంటలు, వాటిలోని జీవాలు చూడాలనుకున్న చాలామంది ముందు చోటు వెతుకుతారు. ముందు కుదరాల్సింది రోజు. అమావాస్య, పౌర్ణమి వేళల్లో ఇక్కడ ఆటుకీ (నీరు దిగడం) పోటుకీ (నీరు ఎక్కడం) తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమి దగ్గరికి వచ్చేసరికి అది అర మీటరుకు పడిపోతుంది, మంచి గుంటలన్నీ నీళ్ల కిందే ఉండిపోతాయి. పున్నమి లేదా అమావాస్య మొదలు మూడో రోజు దాకా మంచి సమయం. ఆ రోజుల్లో పగటి ఆటు సాధారణంగా మధ్యాహ్నం రెండున్నర, నాలుగున్నర మధ్య వస్తుంది, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ. కచ్చితమైన వేళ కోసం హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల అంచనాలు చూడండి. అందులో ఆటు నీటి ఎత్తు 0.4 మీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే బయల్దేరొచ్చు. అలల హెచ్చరిక ఉంటే మాత్రం ప్రయాణం మానేయాల్సిందే.

నెల కూడా ముఖ్యమే. ఈ తీరంలో సముద్ర మట్టం మార్చి ప్రాంతంలో బాగా దిగి, అక్టోబరు, నవంబరుల్లో పైకి లేస్తుంది. జూన్ నుంచి నైరుతి అలలు, తర్వాత తుపానులు. అందుకే జనవరి నుంచి మార్చి వరకే పిల్లలతో వెళ్లమని గట్టిగా చెబుతాం.

ఇక చోట్లు. అన్నిటిలోకీ మంగమారిపేట మేలు. తొట్లకొండ బౌద్ధ క్షేత్రం దిగువన, సహజ శిలాతోరణం ఉన్న తీరం ఇది. రాళ్లు పరుచుకున్నట్టు ఉండి, గుంటలు లోతు తక్కువగా ఉంటాయి. తోరణం ఎక్కనివ్వకండి, దాని కింద కూర్చోనివ్వకండి. నీడ లేదు, మరుగుదొడ్డి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. తెన్నేటి పార్కు ఊరికి దగ్గర, కానీ రాళ్లు ఏటవాలు, అల నేరుగా వచ్చి కొడుతుంది. పదేళ్లు దాటిన పిల్లలకైతే సరే. ఆర్కే బీచ్ రాళ్ల దగ్గర జీవాలున్నా, వాన పడ్డాక రెండు మూడు రోజులు మురుగు నీరు కలిసి ఉంటుంది. యారాడ చాలా అందంగా ఉంటుంది, కానీ లోపలికి లాగే ప్రవాహాలున్న చోటికి పిల్లలను తీసుకెళ్లకండి.

ఆటు వేళకు గంటన్నర ముందే చేరండి. పది నిమిషాలు ఒడ్డునే నిలబడి అలలు చూడండి. అన్నిటికంటే పెద్ద అల ఎంతవరకు తడుపుతుందో, అక్కడి నుంచి సముద్రం వైపు అడుగు పెట్టొద్దు. వేళ్లు మూసే, పట్టున్న పాత బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులు పాచి మీద జారతాయి, చెప్పు ఊడితే రాతి ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. ఆకుపచ్చగా, నల్లగా మెరిసే తడి రాయి మీద నడవకండి, ఎండి గరుకుగా ఉన్నది చూసుకుని అడుగేయండి.

ఎండ మెరుపుకు గుంటలో ఏమీ కనిపించదు. అడుగు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాను నీటి మీద ఆనించి చూడండి, లోపలంతా తేటపడుతుంది. రాతికి ఇసుక, గవ్వ ముక్కలు అంటుకున్న జిగురు ముద్దలా కనిపించేది ఎనిమోన్ అనే జీవి. దాని మీద కాలు పడితే చిన్న నీటి ధార చిమ్ముతుంది. నీళ్లలో ఉన్నది మాత్రం పువ్వులా విచ్చుకుని ఉంటుంది. రెండు నిమిషాలు కదలకుండా ఉంటే, ఖాళీ అనుకున్న గవ్వ కాళ్లు చాపి నడుస్తుంది, అది సన్యాసి పీత. గవ్వలు ఇంటికి తేవద్దనేది ఇందుకే. పగడాలు, సముద్ర దోసకాయలైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. రాయి ఎత్తితే మళ్లీ అదే చోట, అదే వైపు పెట్టండి. తిరగేసి వదిలేస్తే అడుగున బతికేవి ఎండి చస్తాయి. సన్‌స్క్రీన్ రాసిన చేతులు గుంటలో ముంచొద్దు.

శంకు ఆకారపు నత్తను అసలు ముట్టుకోవద్దు, కొన్ని రకాల విషం ప్రాణాంతకం. కుడితే కట్టు కట్టి, అవయవం కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ ముల్లు గుచ్చుకుంటే చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లలో (45 డిగ్రీలు మించకుండా) అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. ఆల్చిప్ప గాటును మంచినీళ్లతో బాగా కడగాలి, లోపల ఇసుక ఉండిపోతే చీము పడుతుంది. అందుకని మనిషికి లీటరున్నర తాగేవి కాక, విడిగా రెండు లీటర్లు తీసుకెళ్లండి.

బసకు రుషికొండ వైపు అనువు, మంగమారిపేట దగ్గర. ఆర్కే బీచ్ హోటళ్లలో తిండికి లోటు లేదు గానీ ఆదివారం సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగి రావడం విసుగు. గది తీసుకునే ముందు చెక్-అవుట్ వేళ అడగండి. మధ్యాహ్నం 12కు గది ఖాళీ చేయిస్తే, మూడింటి ఆటు తర్వాత తడి బట్టలతో పిల్లలు కారులో కూర్చోవాలి. వీలైతే చివరి రోజు కాకుండా మధ్య రోజున పెట్టుకోండి. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఈ దారిలోదే. ఆటోలో వెళ్తే రానూపోనూ మాట్లాడుకోండి.

దిగేటప్పుడు వచ్చిన దారిలో, నీటికి జానెడు పైన ఉన్న ఒక రాయిని పిల్లలకు చూపించి గుర్తు పెట్టుకోమనండి. ఆటు దాటిన అరగంటకు, లేదా ఆ రాయిని నీరు తాకగానే, ఏది ముందైతే అప్పుడు అందరూ ఒడ్డుకు వచ్చేయాలి.