వర్డ్‌ప్రెస్ సైట్ డొమైన్ మార్చేటప్పుడు: డబ్ల్యుపీ-సీఎల్ఐ సెర్చ్-రీప్లేస్ ఎలా ఉంది?

సైటును కొత్త డొమైన్‌కి మార్చాక డేటాబేస్‌లో పాత పేరును పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్ నుంచి డేటాబేస్ చూసే సాధనం) మామూలు ఎస్‌క్యూఎల్ రీప్లేస్‌తో మార్చేయకండి. ఆ పనికి ఉచితంగా దొరికే వాటిలో నమ్మదగినది, వర్డ్‌ప్రెస్‌ను టెర్మినల్ నుంచి నడిపే డబ్ల్యుపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ కమాండే.

చిక్కంతా సీరియలైజ్డ్ డేటాతో. థీమ్ ఆప్షన్లు, విడ్జెట్లు, చాలా ప్లగిన్ల సెట్టింగులు విలువ పక్కనే దాని పొడవునీ రాసిపెట్టుకుంటాయి. 14 బైట్ల పాత చిరునామా పోయి 19 బైట్లది వచ్చి, ముందున్న అంకె మాత్రం 14గానే మిగిలితే పీహెచ్‌పీ ఆ విలువ మొత్తాన్నీ వదిలేస్తుంది. తెరమీద ఎర్రర్ ఏమీ కనపడకుండానే సెట్టింగు ఖాళీ అయిపోతుంది. చేత్తో సరిచేయడం తెలుగు సైట్లలో మరీ కష్టం: ‘తెలుగు’ కంటికి మూడక్షరాలే గానీ యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఈ కమాండ్ ఆ విలువను విప్పి, పేరు మార్చి, పొడవు మళ్ళీ లెక్కగట్టి పెడుతుంది.

చేసిన మార్పును వెనక్కి తిప్పే వీలు లేకపోవడం పెద్ద లోటు. కాబట్టి ముందు డీబీ ఎక్స్‌పోర్ట్‌తో డేటాబేస్ కాపీ తీసుకుని, ఏదీ మార్చకుండా లెక్క మాత్రం చూపే డ్రై-రన్‌లో ఏ టేబుల్‌లో ఎన్ని మార్పులో చూడండి. వెతికే మాటగా ఒట్టి డొమైన్ కాకుండా ముందు రెండు స్లాష్‌లు కలిపి ఇస్తే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ లింకులు రెండూ ఒకేసారి మారతాయి, ఈమెయిల్ చిరునామాల జోలికి పోదు. ప్రతి పోస్టుకూ గుర్తింపుగా ఉండే జీయూఐడీ కాలమ్‌ను స్కిప్-కాలమ్స్ ఆప్షన్‌తో వదిలేయండి. అది మారితే ఫీడ్ రీడర్లలో పాత పోస్టులు కొత్తవిగా వచ్చిపడతాయి.

దానంతట అది పట్టుకోలేనివీ ఉన్నాయి. ప్లగిన్లు సొంతంగా పెట్టుకున్న టేబుళ్ళ కోసం ఆల్-టేబుల్స్-విత్-ప్రిఫిక్స్ ఆప్షన్ జోడించాలి. ఎలిమెంటార్ (పేజీలు కట్టే ప్లగిన్) పేజీల డేటా జేసాన్ అనే టెక్స్ట్ రూపంలో ఉంటుంది, అక్కడ ప్రతి స్లాష్ ముందూ ఒక బ్యాక్‌స్లాష్ ఉంటుంది కనుక ఆ రూపంతో రెండోసారి నడపాలి; తర్వాత ఎలిమెంటార్ టూల్స్‌లో సీఎస్ఎస్ ఫైళ్ళు మళ్ళీ తయారు చేయించాలి.

అంతా మార్చినా సైట్ పాత పేరుకే పోతుంటే డబ్ల్యుపీ-కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యుపీ_హోమ్, డబ్ల్యుపీ_సైట్‌యూఆర్‌ఎల్ చూడండి. అవి అక్కడ రాసి ఉంటే డేటాబేస్ మాట చెల్లదు. క్యాష్ కోసం రెడిస్ వాడుతుంటే దాన్ని ఖాళీ చేయడం (క్యాష్ ఫ్లష్) తప్పనిసరి.

సర్వర్ వైపు పని ఈ కమాండ్ చెయ్యదు. ఐపీ కూడా మారుతుంటే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (పాత ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) ముందురోజే 300 సెకన్లకు తగ్గించండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో సర్వర్_నేమ్ మార్చి, సర్ట్‌బాట్ సాధనంతో కొత్త పేరుకు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకోండి. పాత పేరు నుంచి 301 (శాశ్వత రీడైరెక్ట్) పెట్టేటప్పుడు పాత సర్టిఫికెట్‌నూ రెన్యూ చేస్తూ ఉండాలి. అది గడువు దాటితే రీడైరెక్ట్ జరగకముందే బ్రౌజర్ హెచ్చరిక చూపించి పాఠకుణ్ణి ఆపేస్తుంది.