ఎస్కాన్ ఫీల్డ్: నాన్న చూసిన మొదటి బేస్‌బాల్

జపాన్‌లోని సపోరో నుంచి రైల్లో కితాహిరోషిమా దిగి, అక్కణ్ణుంచి ఎస్కాన్ ఫీల్డ్ స్టేడియానికి ఇరవై నిమిషాల నడక. ఒంగోలు నుంచి వచ్చిన నాన్న దారంతా సణుగుతూనే ఉన్నారు. లోపలికెళ్లి ఔట్‌ఫీల్డ్ వెనక నిలువెత్తు గాజు గోడ, కింద అసలైన పచ్చిక చూశాక సణుగుడు ఆగింది.

"బంతి నేలకే తగలట్లేదేంట్రా, అన్నీ ఫుల్‌టాసులేనా?" ఇది మొదటి ప్రశ్న. మూడో ఇన్నింగ్స్‌కల్లా ఆయనే అంపైర్‌తో వాదిస్తున్నారు.

ఇక్కడి జట్టు నిప్పన్‌హామ్ ఫైటర్స్ బ్యాటింగ్ రాగానే బాకాలు, డ్రమ్ములు, ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట. ఫీల్డింగప్పుడు మాత్రం ఆ గోలంతా ఎదుటి జట్టు అభిమానులది. మన స్టేడియంలో ఈ క్రమశిక్షణ ఊహించలేం.

స్టేడియంలోనే ఉన్న టవర్ ఎలెవెన్ భవనంలో వేడినీళ్ల స్నానం చేస్తూ ఆట చూడొచ్చు. స్విమ్‌సూట్ అనగానే నాన్న ససేమిరా అన్నారు. ఆ 11 ఫైటర్స్ ఒకప్పటి స్టార్ ఆటగాళ్లు దర్విష్, ఓతానీల జెర్సీ నంబరు. ఇద్దరూ ఈ క్లబ్బు నుంచే అమెరికా లీగ్‌కి వెళ్లారు. దర్విష్‌ని వదులుకున్నందుకు క్లబ్బుకి 5 కోట్ల డాలర్ల పైనే వచ్చింది. తర్వాత ఇలా వదులుకున్నందుకు వచ్చే ఈ సొమ్ముకి, అంటే పోస్టింగ్ ఫీజుకి, గరిష్ఠ పరిమితి పెట్టడంతో 2017లో ఓతానీకి 2 కోట్లే. ఆటగాళ్లు ఎటూ ఆగరు కాబట్టి, జనాన్నే ఇక్కడికి రప్పించే ఇలాంటి స్టేడియమే జపాన్ లీగ్‌కి అసలు పెట్టుబడి అని నాకనిపిస్తుంది.

శాకాహారులు తినేసి వెళ్లండి. నాలుగున్నర స్టార్లు. ఆ అర నడకకి కోత.